ఐదో తీగ కోసం ఎంత ఇస్తారు?

మా తమ్ముడి కొడుకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడంటే కారణం రెండింట్లో ఒకటి. వాళ్లమ్మతో గొడవైనా పడి ఉండాలి, ఎక్కడో ఓ గిటార్ అయినా కంటబడి ఉండాలి. ఆ రాత్రి రెండోదే.

"పెదనాన్నా, ఫొటో పంపా, చూశావా? ఫైవ్ స్ట్రింగ్ బేస్. చేత్తో చేసింది. ఆ పైచెక్క చూడు, పులిచారలు!"

చూశాను. నిజంగా పులిచారలే. బంగారు రంగు కీలు, నల్లటి నెక్, వెనకాల ఎర్ర మఖమల్ గుడ్డ. అచ్చం పెళ్లిచూపులకు పంపే ఫొటోలా ఉంది. రేటు అడిగాను. చెప్పాడు. ఆ డబ్బుకి వాళ్ల నాన్న సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు, అదింకా నడుస్తోంది.

"సరే, బి స్ట్రింగ్ ఎలా మోగుతోంది?"

కాసేపు మాట లేదు. "ఇంత రేటు పెట్టాక బావుండకుండా ఎలా ఉంటుంది పెదనాన్నా?"

ఇరవై ఏళ్ల కిందట నేనూ సరిగ్గా ఈ మాటే అనుకున్నాను.

అప్పట్లో శనివారాలు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలోనూ, ఆదివారం పొద్దున చర్చిలోనూ బేస్ వాయించేవాణ్ని. మూడేళ్లు కూడబెట్టి, రైలెక్కి వేరే ఊరు వెళ్లి, షాపులో గంటసేపు కూర్చుని ఐదు తీగల బేస్ ఒకటి కొన్నాను. ఆ గంటలో నేను వాయించిందంతా పై రెండు తీగల మీదే. స్లాప్ చేశాను, వేగం చూపించాను, నాకొచ్చిన విద్యలన్నీ ప్రదర్శించాను. షాపు కుర్రాడు చప్పట్లు కూడా కొట్టాడు. తర్వాతి వారం గుంటూరు దగ్గర ఒక పెళ్లి. పాడేవాడి శ్రుతి రెండు, అంటే డి. పల్లవి ఎత్తుకోగానే దర్జాగా ఐదో తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కి కింది డి వేశాను. స్పీకర్లోంచి 'బొంయ్' అని ఏదో వచ్చింది. శబ్దం ఉంది, స్వరం లేదు. కీబోర్డు వాయించే కుర్రాడు నా వైపు వంగి, "అన్నా, అది ఏం నోటు?" అన్నాడు. ఆట పట్టించడానికి కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

ఎనిమిది నెలల తర్వాత ఆ బేస్‌ని సగం ధరకి వదిలించుకున్నాను. చేసినవాళ్లని, అమ్మినవాళ్లని అనడానికేం లేదు. ఐదో తీగ కోసమని వెళ్లి, ఐదో తీగ తప్ప అన్నీ చూసుకుని వచ్చింది నేనే.

నాలుగు తీగల బేస్ తయారీ ఎప్పుడో ఒక కొలిక్కి వచ్చిన పని. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు, 1960లో జాజ్ బేస్. ఆ రెండింటి కొలతలు పట్టుకుని ఇవాళ తక్కువ ధరకి చేస్తున్న బేస్‌లు కూడా స్టేజీ మీద పరువు నిలబెడుతున్నాయి. మరి లక్షలు దేనికి పోయాలి? నా లెక్కలో ఒక్కదానికే. మిగతా నాలుగు తీగల పక్కన ఐదోది పరాయి ఇంటి పిల్లలా వినిపించకుండా ఉండటానికి. ఖరీదైన ఐదు తీగల బేస్‌లో మీరు కొనేది ఆ తీగని. మిగతా నాలుగూ దానితోపాటు వస్తాయి.

ఆ ఒక్క తీగ ఎందుకంత మొండిదో కాస్త తెలుసుకుంటే షాపులో మోసపోరు. ఇ తీగ వదిలేసి మీటితే సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. కింది బి దాదాపు 31 సార్లు. పియానో మీదైతే అది ఎడమ చివర నుంచి మూడో మెట్టు. మన చెవి వినగలిగే హద్దు 20 దగ్గర ఉంటుంది కాబట్టి, ఈ బి ఇంచుమించు గుమ్మం దాకా వెళ్లిందన్నమాట. అంత మంద్రంలో తీగ పలకాలంటే, వదులైపోకుండా, దాని పొడవైనా పెంచాలి, లావైనా పెంచాలి. పియానో చేసేవాళ్లు పొడవు పెంచారు. పెద్ద కచేరీ పియానో అంత బారున ఉండటానికి కారణం అదే. గిటార్‌ని మాత్రం భుజానికి తగిలించుకోవాలి కదా, అందుకని ఇక్కడ లావు పెంచారు. మామూలుగా వాడే బి తీగ మందం 0.130 అంగుళం, అంటే మూడు మిల్లీమీటర్ల పైమాటే. అంత లావైతే తీగ కాస్తా కడ్డీలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. మూలస్వరంతోపాటు పుట్టే అనుస్వరాలు ఉండాల్సిన చోట ఉండక కొంచెం పైకి జరుగుతాయి. తల్లి ఒక శ్రుతిలో, పిల్లలు ఇంకో శ్రుతిలో. చెవికి అది బురదలా తగులుతుంది. నా గుంటూరు 'బొంయ్' అదే.

ఇంకో సంగతి. మామూలుగా మన చేతికొచ్చే బేస్ యాంప్‌లలో చాలావాటి స్పీకర్లు 31 దగ్గర చేతులెత్తేస్తాయి. మనం విన్నామనుకునే బి, నిజానికి 62 దగ్గరా 93 దగ్గరా పలికే అనుస్వరాల నుంచి మెదడు కూడబలుక్కున్న బి. కాబట్టి గది దద్దరిల్లితే మురిసిపోకండి. ఆ దద్దరిల్లడంలో స్వరం పేరు తెలుస్తోందా లేదా అన్నదే చూడాలి.

ఈ తీగకి పెద్ద చరిత్ర కూడా లేదు. ఫెండర్ కంపెనీ 1965లో బేస్ ఫైవ్ అని ఒకటి తెచ్చింది గానీ, అందులో ఐదో తీగని కిందికి కాదు, పైకి చేర్చారు: పై సి. ఫ్రెట్లు పదిహేనే. అది ఎవరికీ పెద్దగా ఎక్కలేదు. కింది బి కావాలని పట్టుబట్టినవాడు న్యూయార్క్ స్టూడియో వాద్యకారుడు ఆంథనీ జాక్సన్. 1975లో కార్ల్ థాంప్సన్ చేత ఆరు తీగల బేస్ చేయించుకున్నాడు. మరుసటి ఏడాది జిమ్మీ జాన్సన్ కాలిఫోర్నియాలోని అలెంబిక్ వాళ్ల చేత కింది బి ఉన్న ఐదు తీగల బేస్ చేయించాడు. 80లలో సింథసైజర్లు ఇ కంటే కిందికి దిగి వాయించడం మొదలయ్యాక స్టూడియోల్లో బేస్ వాద్యకారులకూ ఆ కింది స్వరాలు కావాల్సి వచ్చాయి. మ్యూజిక్ మ్యాన్ కంపెనీ స్టింగ్‌రే ఫైవ్ తెచ్చింది ఆ దశాబ్దం చివర్లోనే.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీకది కావాలా?

మావాణ్ని ఒక పని చేయమన్నాను. గత మూడు నెలల్లో వాయించిన పాటల్లోంచి ఏవైనా పది తీసుకుని, ఒక్కోదానికీ శ్రుతి రాసి, ఇ కంటే కింది స్వరం ఎన్నిసార్లు అవసరమైందో లెక్కపెట్టమన్నాను. మన పద్ధతిలో చెప్పుకుంటే ఇది ఇంకా తేలిక. ఒకటి శ్రుతి అంటే సి, రెండంటే డి, రెండున్నర డి షార్ప్, మూడంటే ఇ. నాలుగు తీగల బేస్ ఇ దగ్గర ఆగిపోతుంది. ఒకటి నుంచి రెండున్నర దాకా పాడే మగగొంతుల వెనక వాయించేవాడికి కింది షడ్జం అందదు, పై షడ్జంతో సరిపెట్టుకోవాలి. అతనికి ఐదో తీగ నిజంగా పనికొస్తుంది. అదే ఐదున్నర, ఆరు శ్రుతుల్లో పాడే ఆడగొంతుల వెనక వాయించేవాడికి కింది షడ్జం ఎలాగూ నాలుగో తీగ మీదే ఉంది. ఇక చర్చి సంగతి. ఒకే పాటని ఒక ఆదివారం సి లోనూ, ఇంకో ఆదివారం డి షార్ప్ లోనూ ఎత్తుకుంటారు. ఎవరు పాడితే వాళ్ల శ్రుతి. అక్కడ ఐదో తీగ ఉన్నవాడికి తల తడుముకునే పని ఉండదు.

కింది స్వరాలు అవసరం లేకపోయినా ఐదు తీగలు పెట్టుకునేవాళ్లున్నారు, అందులో తప్పేం లేదు. ఐదో ఫ్రెట్ దగ్గర చెయ్యి ఉంచితే ఇ నుంచి పైదాకా కదలకుండా అందుతుంది. చెయ్యి అటూ ఇటూ పరుగెత్తదు. ఇది మంచి కారణమే. "పెద్దవాళ్లందరూ అదే వాడుతున్నారు" అన్నది మాత్రం కారణం కాదు. మార్కస్ మిల్లర్ పేరు పడింది నాలుగు తీగల 1977 జాజ్ బేస్ మీద. దాన్ని సవరించి ఇచ్చిన రోజర్ సడోవ్‌స్కీ ఖరీదైన బేస్‌ల తయారీలో పెద్ద పేరు. మిల్లర్ కావాలనుకుంటే ఐదోది దొరక్కపోదు.

పది పాటల లెక్కలో రెండు మూడింటికి మించి రాకపోతే, ముందు ఓ చవక ఫైవ్ స్ట్రింగ్ కొనుక్కుని ఏడాది వాయించండి. ఐదో తీగకి అలవాటు పడటమంటే దాన్ని వాయించడం కంటే దాన్ని నోరు మూయించడం నేర్చుకోవడమే ఎక్కువ. మిగతా తీగలు మోగుతుంటే అది తనంతట తానే గునుస్తూ ఉంటుంది. బొటనవేలిని దానిమీద ఆనించి, పైతీగలకు వెళ్లినకొద్దీ వేలిని కూడా వెంట జరపడం చేతికి అలవాటు కావాలి. ఆ అలవాటు లేనివాడి చేతిలో ఐదు లక్షల బేస్ అయినా గునుస్తుంది.

కావాలని తేలిందనుకుందాం. షాపుకు వెళ్లారు. యాంప్ మీద అన్ని మీటలూ మధ్యకి తిప్పమనండి. బేస్ మీద వాల్యూమ్ పూర్తిగా, టోన్ మీటలు నడిమికి. షాపువాళ్లు ముందే 'బేస్' మీట ఎత్తి పెట్టి ఉంచుతారు, తీపి ఎక్కువేసిన టీలాగా. వీలైతే మీ యాంప్‌నే పట్టుకెళ్లండి. ఆ తర్వాత ఎవర్నైనా తోడు తీసుకెళ్లి ఉంటే, వాళ్లని వాయించమని మీరు అటు తిరిగి కూర్చోండి.

మొదట ఇ తీగ ఉత్తినే మీటించండి. వెంటనే బి తీగ మీద ఐదో ఫ్రెట్. రెండూ ఒకే స్వరం, ఒకే స్థాయి. మంచి బేస్‌లో ఈ రెండింటికీ రంగులో కొద్దిపాటి తేడా ఉంటుంది, అంతే. రెండోదాన్ని దుప్పటి కప్పి వాయించినట్టుందంటే ఆ బేస్‌ని అక్కడే పెట్టేయండి. తర్వాత బి తీగ మీద నాలుగో ఫ్రెట్ నుంచి ఒక్కోటీ కిందికి: డి షార్ప్, డి, సి షార్ప్, సి, చివరికి బి. ప్రతి స్వరాన్నీ పూర్తిగా ఆరిపోయేదాకా వినండి. ఎక్కడ నుంచి స్వరం పేరు మీకు తెలియడం మానేసిందో గుర్తుపెట్టుకోండి. కొన్నిట్లో సి దాకా వస్తుంది, బి దగ్గర జారిపోతుంది. కొన్నిట్లో డి దగ్గరే గోవిందా. చాలా కొద్దివాటిలో మాత్రం బి కూడా ఎవరో పాడినట్టుగా నిలబడుతుంది. ఆ కొద్దివాటికే డబ్బు.

మీటే తీరు కూడా మార్చి చూడాలి. మెల్లగా మీటితే బాగా పలికి, గట్టిగా మీటగానే ఫ్రెట్లకి కొట్టుకుని గిలక్కాయలా మోగే బి తీగలు బోలెడు. పెళ్లి పందిట్లో మెల్లగా వాయించే అవకాశం ఎవరికుంటుంది?

ఒక హెచ్చరిక. తీగ పాతదైతే పైన చెప్పిందంతా తలకిందులవుతుంది. షాపు గోడకి ఆర్నెల్లుగా వేలాడిన బేస్ మీద బి తీగ చచ్చిపోయి ఉండొచ్చు. పాపం అది తీగది, బేస్‌ది కాదు. అనుమానం వస్తే కొత్త బి తీగ వేయించి మళ్లీ వినండి. బి తీగల్లో కొన్నింటికి బ్రిడ్జ్ మీద ఆనేచోట పై చుట్టు తీసేసి సన్నగా ఉంచుతారు. కొన్ని బేస్‌లకు అలాంటి తీగతో మొహంలో కళ వచ్చేస్తుంది. ఇది నాకు గుంటూరు రోజుల్లో తెలిసి ఉంటే ఆ బేస్‌ని అమ్మేసేవాణ్ని కాదేమో కూడా.

ఇక పొడవు గొడవ. మామూలు బేస్‌కి నట్ నుంచి బ్రిడ్జ్ దాకా 34 అంగుళాలు. అంగుళం పెంచి 35 చేస్తే అదే తీగకి, అదే శ్రుతికి బిగువు దాదాపు 6 శాతం పెరుగుతుంది. షికాగోలో మొదలైన లాక్‌లాండ్ లాంటివాళ్లు ఈ దారి పట్టారు. కెనడాలోని సాస్కటూన్‌లో షెల్డన్ డింగ్‌వాల్ ఇంకా ముందుకెళ్లాడు. ఆయన ఐదు తీగల బేస్‌లు చాలావాటిలో బి తీగ పొడవు 37 అంగుళాలు, పైన జి తీగ 34. ఫ్రెట్లు విసనకర్ర పుల్లల్లా వాలి ఉంటాయి. బిగువు బి దగ్గర దాదాపు 18 శాతం ఎక్కువ. ఇలా వాలిన ఫ్రెట్లకి రాల్ఫ్ నొవాక్ అనే అమెరికన్ 1989లో పేటెంట్ తీసుకున్నాడు. చూడ్డానికి కంగారు పుట్టిస్తాయి గానీ చేతికి అరగంటలో అలవాటవుతాయి. ఒకటో ఫ్రెట్ దగ్గర మాత్రం చెయ్యి బాగా చాచాలి. పొట్టి చేతులవాళ్లు కొనకముందే అక్కడ పావుగంట వాయించి చూడాలి.

అయితే పొడవే సర్వస్వమంటే నేనొప్పుకోను. న్యూయార్క్‌లో సడోవ్‌స్కీ 34 అంగుళాల్లోనే గట్టి బి పలికించి పేరు తెచ్చుకున్నాడు. బ్రూక్లిన్‌లో 1983 నుంచి చేస్తున్న ఫొడెరా బేస్‌లు కూడా చాలావరకు 34వే. కిటుకు నెక్ గట్టిదనంలో ఉంది. తీగ కంపిస్తున్నప్పుడు నెక్ కూడా దానితో ఊగిందంటే ఆ శక్తి నెక్ తినేస్తుంది, తీగకి మిగలదు. అందుకే మంచి తయారీదారులు నెక్‌ని రెండు మూడు చెక్క ముక్కలు అతికించి చేస్తారు, కొందరు లోపల గ్రాఫైట్ కడ్డీలు పొదుగుతారు, నెక్ ఒంటికి చేరే చోట సందు లేకుండా బిగిస్తారు. ఆ కీలు దగ్గర పోస్టుకార్డు దూరిందంటే ఆ బేస్ ఖరీదైనది కాదు, రేటు ఎక్కువది, అంతే.

బొబ్బిలిలో పనస దుంగ ఒక్కదాన్నే తొలిచి ఏకాండి వీణ చేస్తారు కదా. అలా నెక్ చెక్కే ఒంటి చివరిదాకా సాగే బేస్‌లు కూడా ఉన్నాయి. వాటిని అమ్మేవాళ్లు ఆ మాట ఒక పది సార్లైనా అంటారు. నా అనుభవంలో బోల్టులతో గట్టిగా బిగించిన నెక్ కూడా బి తీగని అంతే బాగా మోసింది. పైగా పదేళ్ల తర్వాత నెక్ వంకరపోతే బోల్టులున్నదాన్ని విప్పి బాగుచేయించుకోవచ్చు. రెండోదానికి ఆ వీలు లేదు.

చెక్క గురించి ఎక్కువ రాయను, షాపులో మీకు కావలసినదానికంటే ఎక్కువ చెప్తారు. పులిచారల పైచెక్క మందం తరచూ కొద్ది మిల్లీమీటర్లే. అది కంటి కోసం. కంటికి నచ్చితే కొనుక్కోండి, చెవికి ఏదో ఒరుగుతుందని మాత్రం కొనకండి. ఫింగర్‌బోర్డు రోజ్‌వుడ్ అయితే అది చాలాసార్లు మన అడవుల్లో పెరిగే జిట్రేగి జాతే. 2017 మొదట్లో ఆ ప్రజాతి చెట్లన్నిటినీ అంతర్జాతీయ వ్యాపార ఆంక్షల కిందికి తెచ్చారు. దాంతో కొన్నాళ్లు రోజ్‌వుడ్ ఉన్న గిటార్లు సరిహద్దు దాటించడానికి కాగితాలు కావలసి వచ్చాయి. 2019 చివర్లో తయారైన వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి మాత్రం 1992 నుంచీ ఉన్న కట్టుబాటు అలాగే ఉంది. పాత బేస్ ఏదైనా దాని పేరు చెప్పి అమ్మజూపితే కాగితాలు లేకుండా ముట్టుకోకండి.

తీగకీ తీగకీ మధ్య ఎడం అనేది చిన్న విషయంలా కనిపిస్తుంది, మూడు నెలల తర్వాత పెద్దదవుతుంది. బ్రిడ్జ్ దగ్గర జాజ్ తరహా ఐదు తీగల బేస్‌లలో తరచూ 19 మిల్లీమీటర్లు, స్టింగ్‌రే ఫైవ్‌లో 17.5, ఐబనేజ్ ఎస్‌ఆర్ వరసలో చాలావాటికి 16.5. నాలుగు తీగల జాజ్ బేస్ మీద పెరిగి, స్లాప్ ఎక్కువ చేసే చెయ్యికి 19 హాయి. వేళ్లతో వేగంగా వాయించేవాడికి ఇరుకుదే హాయి. ఎడం ఎక్కువైతే నెక్ వెడల్పవుతుంది, ఎడమ మణికట్టు కష్టపడుతుంది. ఇందులో ఎవరి సలహా పనికిరాదు, ఇది రాస్తున్న నాది కూడా.

బరువు చూడ్డానికి షాపు స్టూలు మీద కూర్చోవద్దు. పట్టీ తగిలించుకుని అరగంట నిలబడండి. నాలుగు కిలోలకీ ఐదు కిలోలకీ తేడా పది నిమిషాల్లో తెలియదు, మూడో గంటలో భుజం చెప్తుంది. ఐదు కీల బరువు మొయ్యలేక నెక్ నేలవైపు వాలుతోందా అన్నది చేతులు రెండూ వదిలేసి చూడండి. వాలితే ఎడమచెయ్యి వాయించడం మానేసి జీవితాంతం కూలీలా నెక్ మోస్తూ ఉంటుంది.

కరెంటు వైపు సంగతులు క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే పికప్‌లూ ప్రీయాంప్‌లూ తర్వాత మార్చుకోవచ్చు, నెక్ అంత తేలిగ్గా మార్చుకోలేరు. లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ ఉంటే, బ్యాటరీ చచ్చినా మోగేలా పాసివ్ స్విచ్ ఉందేమో చూడండి. వైరు గుచ్చి ఉంచితే బ్యాటరీ అరుగుతూనే ఉంటుంది, వాయించడం అయ్యాక పీకేయాలి. ట్యూబ్‌లైట్ కింద నిలబడి ఒక్కో పికప్ విడివిడిగా వినండి, 'జీ' అని ఎంత వస్తుందో తెలుస్తుంది. మన కల్యాణమండపాల సీరియల్ దీపాలతో పోలిస్తే ట్యూబ్‌లైట్ బుద్ధిమంతుడే.

జి తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ దాకా ఒక్కో స్వరం సాగదీసి వినడం మర్చిపోవద్దు. ఎంత ఖరీదైన బేస్ అయినా అక్కడెక్కడో ఒక స్వరం పుటుక్కున ఆరిపోతుండవచ్చు. కొంచెమైతే సర్దుకోవచ్చు. మీరు రోజూ వాయించే స్వరమే అయితే వేరేది చూసుకోవడం మంచిది.

మన ఊళ్లలో ఈ రకం బేస్‌లు షాపులో కనబడటమే తక్కువ. హైదరాబాద్‌లో దొరక్కపోతే బెంగళూరో, చెన్నైయో, ముంబైయో వెళ్లాలి, లేదా అమెరికా నుంచి వచ్చే బావగారిని బతిమాలాలి. బావగారి దారిలో బేస్ ధర ఒక్కటే లెక్కేసుకోకండి. గట్టి కేసు, విమానంలో అదనపు సామాను ఛార్జీ, దిగాక కస్టమ్స్ దగ్గర కట్టాల్సిన సుంకం, ఇవన్నీ ముందే కాగితం మీద రాసుకోండి. వాయించి చూడకుండా తెప్పించుకునేది కాబట్టి, అక్కడి అమ్మకందారుడు బి తీగ మీద పైన చెప్పిన ఐదు స్వరాలూ వాయించి, యాంప్ లేకుండా నేరుగా రికార్డు చేసి పంపితే తప్ప డబ్బు కట్టవద్దు. మంచివాళ్లు పంపుతారు. ఎంత అడిగినా పంపనివాళ్ల దగ్గర కొనకుండా ఉండటమే లాభం.

ఊరికి రాగానే నెక్ కదులుతుంది, కంగారు పడకండి. ఏసీ గదిలోంచి మే నెల హైదరాబాద్‌కో, వానాకాలపు విశాఖకో వచ్చిన చెక్క కదలకుండా ఎలా ఉంటుంది? రెండు వారాలు ఆగి, తెలిసినవాళ్ల చేత ట్రస్ రాడ్ సరిచేయించి, పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి కలిసేలా బ్రిడ్జ్ జరిపించండి. బి తీగకి ట్యూనర్ సరిగ్గా అందుకోకపోతే పన్నెండో ఫ్రెట్ మీద వేలు ఆనించీ ఆనించకుండా మీటి చూడమనండి, అందుకుంటుంది. ఈ ఖర్చుకి కొంత డబ్బు విడిగా ఉంచుకోవాలి. బేస్‌కి ఉన్నదంతా ఊడ్చిపెట్టి, సెటప్‌కి రెండు వేలు లేక ఆర్నెల్లు బీరువా మీద పెట్టినవాళ్లని నేనెరుగుదును.

మా తమ్ముడి కొడుకు పది పాటల లెక్క చేశాడు. ఆరు వచ్చాయి. అయినా ఇంకో పది నెలలు ఆగమన్నాను, ఆగాడు. ఈ లోపు పాత గిటార్లు రెండు అమ్మాడు, జీతంలో కొంత పక్కన పెట్టాడు. తర్వాత ఇద్దరం కలిసి బెంగళూరు వెళ్లాం. ఆ పులిచారల బేస్ ఇంకా అమ్ముడవలేదు. వాడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు, నేను మూడు బేస్‌లు వరసగా వాయించాను, తర్వాత వరస మార్చి మళ్లీ వాయించాను. ఏది బాగుందో నంబరు వేసి కాగితం మీద రాయమన్నాను. వాడి పెదనాన్నగా, ఇదంతా రాస్తున్నవాడిగా, పులిచారలది ఓడిపోతుందని నాకు గట్టి నమ్మకం. రెండుసార్లూ వాడు దానికే ఒకటో నంబరు వేశాడు. తర్వాత నేను గోడవైపు తిరిగాను, వాడు వాయించాడు. నేనూ దానికే వేశాను. బి తీగ కింది దాకా స్వరం స్వరంగా నిలబడింది. ఇక అనడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

బేస్ ఇప్పుడు వాడి గదిలోనే ఉంది. రేటు మాత్రం వాళ్లమ్మకింకా చెప్పలేదు. మీలో ఎవరైనా వాళ్లింటికి వెళ్లడం జరిగితే, దయచేసి మీరూ చెప్పకండి.